జీలుగను పూత దశలోనే ఎందుకు కలియదున్నుతారు?

జీలుగ మొక్కను వేళ్లతో సహా పెకలిస్తే వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే, అందులోని రైజోబియం బ్యాక్టీరియా పనిలో ఉన్నట్టే. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. ఈ బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. పూత దశలో కాండం ఇంకా లేతగా, నత్రజనితో నిండి ఉంటుంది కాబట్టి మట్టిలో త్వరగా కుళ్లుతుంది. ముదిరితే పీచు పెరుగుతుంది. అప్పుడు దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొన్నాళ్లపాటు తామే వాడేసుకుంటాయి. తర్వాత వేసే పైరుకు కొరత వస్తుంది.

మరి యూరియా చల్లితే సరిపోదా? అందులో 46 శాతం నత్రజని ఉంది, పైరుకు త్వరగా అందుతుంది, నిజమే. కానీ నేలను గుల్లబరిచి తడిని పట్టి ఉంచే సేంద్రియ పదార్థం యూరియాలో లేదు. జీలుగ లాంటి పచ్చిరొట్ట నత్రజని, సేంద్రియ పదార్థం రెండూ ఇస్తుంది. అందుకే పైరుతో పాటు నేలకూ తిండి పెట్టాలి.