దోమ కాదది, చేప మేత

చలికాలం సాయంత్రాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ చెరువుగట్టు మీద నిలబడినా తలకు జానెడెత్తున గుంపులుగా లేచి ఆడే చిన్న పురుగులు కనిపిస్తాయి. చేత్తో తోలుకుంటూ అందరూ వాటిని దోమలంటారు. అవి మిడ్జ్‌లు, శాస్త్రజ్ఞుల లెక్కలో కైరోనొమిడే కుటుంబం. చల్లటి నీళ్లున్న దేశాల్లో ట్రౌట్ చేపను పట్టేవాళ్లు ఈ పురుగు రూపాన్నే దారంతో, ఈకతో గాలపు కొక్కెం మీద కట్టి నీళ్లలో వేస్తారు. పురుగును తెలుసుకోకుండా ఆ గాలం కట్టడం కుదరదు. మనకు దాని గురించి ఉన్న అపోహలు చాలావరకు దాన్ని సరిగ్గా చూడకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఇవి కుట్టి రక్తం తాగుతాయి

కుట్టవు. రక్తం పీల్చే తొండమే వీటికి లేదు. రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులు. గుంపు కట్టి ఎగిరేవి ఎక్కువగా మగవి, ఆడవాటి కోసం ఎదురుచూస్తుంటాయి. గోడ మీద వాలినప్పుడు తేడా పట్టుకోవచ్చు: దోమ వెనక కాళ్లు పైకెత్తుతుంది, మిడ్జ్ ముందు కాళ్లు ఎత్తుతుంది. కుట్టే మిడ్జ్‌లు లేకపోలేదు గాని వాటి కుటుంబం వేరు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇవి లెక్కలేనన్ని చచ్చి పొడి అయ్యేచోట ఆ పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం రేగుతుంది.

అపోహ: బురదలో ఎర్ర పురుగులు కనబడితే ఆ నీరు చెడిపోయినట్టే

ఆ ఎర్ర పురుగులు మిడ్జ్ పిల్లలు. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆ రంగు. ఆక్సిజన్ తక్కువున్న బురదలో బతకడానికి అది పనికొస్తుంది. మిడ్జ్ పిల్లలన్నీ ఎర్రగా ఉండవు. కొండవాగుల తేటనీటిలో ఆకుపచ్చవి, గోధుమరంగువి కూడా పెరుగుతాయి. ఇంకే ప్రాణీ లేకుండా ఎర్రవి మాత్రమే కిక్కిరిసి ఉంటే అప్పుడు కుళ్లు చేరిందేమోనని అనుమానించాలి. లేదంటే అది చేపలకు మేతే.

అపోహ: పెద్ద చేపకు పెద్ద ఎర కావాలి

ఎక్కువమంది నమ్మేది, ఎక్కువగా తప్పయ్యేది ఇదే. చలి ముదిరి మిగతా పురుగులు కరువైన రోజుల్లో కూడా మిడ్జ్‌లు నీళ్లలోంచి పుడుతూనే ఉంటాయి. ఎర్ర పురుగు రెక్కలు రాకముందు దశైన ప్యూపా అయ్యాక బురద వదిలి మెల్లగా పైకి తేలుతుంది. నీటి పైపొరను చీల్చుకుని రెక్కలతో బయటపడేముందు కాసేపు దానికింద వేలాడుతుంది. పారిపోలేదు, ఎదిరించలేదు. ట్రౌట్ ఒకచోట నిలబడి, ఒంటికి శ్రమ లేకుండా, వాటిని ఒకటొకటిగా మింగుతుంది. అలా వందలకొద్దీ తింటుంది. నీటిపైన వీపురెక్క, తోక మాత్రమే కనబడి మూతి కనబడలేదంటే అది తింటున్నది ప్యూపానే.

అందుకే కొక్కెం కూడా ఆ కొలతలోనే ఉండాలి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. మిడ్జ్‌కు వాడేవి సాధారణంగా 18 నుంచి 24 వరకు. 20 నంబరుది బియ్యపుగింజను మించదు. దానికి కట్టే సన్నటి దారం 7ఎక్స్ అయితే మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత సన్నటి దారంతో పెద్ద చేపను గుంజితే తెగుతుంది. కర్రను మెల్లగా ఎత్తాలి, చేప లాగినప్పుడు దారం వదలాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎర నీటి వేగానికే కొట్టుకుపోవాలి. దారం బిగిసి ఎర అడ్డంగా జారిందంటే చేప దాన్ని పట్టించుకోదు.

అపోహ: గాలం కట్టడం విదేశాలవాళ్ల ఖరీదైన విద్య

అమెరికాలో అందరూ కట్టే జీబ్రా మిడ్జ్‌కు కావలసింది నల్లదారం, సన్నటి వెండిరంగు తీగ, తలకు ఒక పూస. దారం చుట్టి, దానిమీద ఎడంగా తీగ చుడితే ప్యూపా ఒంటి చారలు వస్తాయి. నీటిమీద తేలే గ్రిఫిత్స్ నాట్‌కు నెమలి ఈక పోగు ఒళ్లు, నలుపు తెలుపు చారల కోడి మెడఈక చుట్టు. మన దేశపు కోళ్ల మెడఈకలు బ్రిటన్, అమెరికా దుకాణాల్లో ఇండియన్ కేప్ పేరుతో చాలాకాలంగా అమ్ముడవుతున్నాయి. నెమలి ఈక మాత్రం దానంతట అది రాల్చిందే వాడాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలిని చంపడం నేరం.

దారం సంగతికొస్తే, మన పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి 100 కౌంటు నూలు వడుకుతారు. లెక్క కడితే అది సుమారు 53 డెనియర్. గాలం కట్టేవాళ్లు మామూలుగా వాడే 70 డెనియర్ పాలియెస్టర్ దారం కన్నా సన్నం. నూలు తడిలో పాలియెస్టర్ అంతకాలం నిలవదన్నది నిజమే. కానీ అంత సన్నపు పనికి మన చేతులు చాలవన్న మాట పొందూరు ఉన్న జిల్లాలో అనకూడదు.

అపోహ: లంబసింగి చలిలో, డ్యాముల కింద ట్రౌట్ బతుకుతుంది

లంబసింగి చలి కొన్ని రాత్రులదే. ట్రౌట్‌కు ఏడాది పొడవునా చల్లటి నీరు కావాలి. 10 నుంచి 16 డిగ్రీలు దానికి హాయి, 20 దాటితే అవస్థ, 25 దగ్గర ప్రాణగండం. అమెరికాలో నవాహో డ్యాం కింద శాన్ హువాన్ నది మిడ్జ్ గాలానికి పేరుపడింది, ఎత్తైన డ్యాం అడుగునుంచి చల్లటి నీరు వదలడం వల్ల. వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీలు. అక్కడ అంత లోతూ లేదు, అంత చలీ లేదు. దక్షిణాదిలో ట్రౌట్ ఉన్నది నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో. నీలగిరుల్లో అవలాంచి హాచరీని హెచ్.సి. విల్సన్ 1907లో పెట్టించాడు.

మన చెరువుల్లో అదే ఎర్ర పురుగును బురద తవ్వి తినేది బంగారుతీగ. దానికి 12 లేదా 14 నంబరు గట్టి కొక్కెం మీద ఎర్రదారం చుట్టి, బెండు కింద, అడుగుకు రెండంగుళాల పైన వేలాడేలా వదిలితే సరిపోతుంది. చాలా చెరువులు మత్స్యకార సంఘాల చేతిలో ఉంటాయి. కర్ర వేసేముందు వాళ్లను అడగాలి.