మల్లన్న కొండకు కాలిదారి

జర్మనీ అడవుల్లో నడిచొచ్చానని కొడుకు గొప్పలు చెబితే... బాబాయి నన్ను నల్లమలకు లాక్కెళ్లాడు!

'నాలుగు రోజులు అడవిలోనే నడిచాను అన్నయ్యా. ఎనభై కిలోమీటర్లు!'

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫోన్లో మా తమ్ముడు. ఆ దారి పేరు రెన్‌స్టైగ్ అట. జర్మనీలో థురింగియా అడవికొండల మీదుగా సాగే 170 కిలోమీటర్ల కాలిదారి. దారి పొడవునా తెల్లరంగుతో 'ఆర్' అక్షరం రాసి ఉంటుంది కాబట్టి తప్పిపోయే భయం లేదు. నడిచేవాళ్లు ఎదురుపడితే 'గుట్ రున్‌స్ట్' అని పలకరించుకుంటారు. మొదలయ్యేచోట వెరా నదిలోంచి ఓ గులకరాయి తీసి జేబులో వేసుకోవాలి, చివర్లో మరో ఏట్లో దాన్ని విసిరేయాలి. అదీ అక్కడి ఆచారం.

'మనకిలాంటివి ఎక్కడున్నాయిలే' అన్నాడు ఆఖర్న.

స్పీకర్లో వింటున్న వాళ్ల నాన్న, అంటే మా బాబాయి, పేపరు పక్కన పడేశాడు. 'నాగలూటి దారి మాటేమిట్రా?'

నిజమే, ఆ దారి సంగతి విజయవాడలో ఎందరికి తెలుసు? మనకు శ్రీశైలమంటే బస్సే. పొద్దున్నే ఎక్కితే గుంటూరు, మార్కాపురం, దోర్నాల, ఘాట్ రోడ్డు... సాయంత్రానికి గుళ్లో ఉంటాం. రోడ్డు లేని రోజుల్లో ఆ కొండకు కాలిదారులే గతి. వాటిలో పేరున్నది ఆత్మకూరు వైపు నుంచి వెళ్లేది. 1830 మే 18న మద్రాసులో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం వెళ్లింది ఈ దారినే. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను... 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లోని మజిలీలే ఇవాళ్టికీ మజిలీలు. పెద్దచెరువును ఇప్పుడు పెచ్చెరువు అంటున్నారు, అంతే!

బాబాయికి ఈ దారి మీద అంత పట్టుదలకు కారణం మా నానమ్మ. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అప్పుడు బాబాయికి పన్నెండేళ్లు. నీళ్లు తీశాక రెండ్రోజుల దాకా పిల్లాడి జాడ లేదు. 'వాడు బతికుంటే నీ కొండకు నడిచొస్తాను మల్లయ్యా' అని మొక్కుకుందామె. పిల్లాడు దొరికాడు. కానీ కొట్టుకుపోయిన ఇల్లు మళ్లీ కట్టుకోవాలి, ఆడపిల్లల పెళ్లిళ్లు చేయాలి... ఆ తర్వాత మోకాళ్లు. బస్సులో నాలుగుసార్లు శ్రీశైలం వెళ్లొచ్చింది గానీ మొక్కు మాత్రం నడకది. అది తీరకుండానే పోయింది. రిటైరయ్యాక ఆ బాకీ తనమీద వేసుకున్నాడు బాబాయి.

'నడవగలవా?' అంటే కొండపల్లికి తీసుకెళ్లి చూపించాడు. నెలన్నర పాటు ప్రతి ఆదివారం పొద్దున్నే కోట ఎక్కడం, లేదంటే మూలపాడు అడవిలో తిరగడం. బెజవాడకు కూతవేటు దూరంలో ఇంత అడవి మిగిలి ఉందని నాకూ అప్పుడే తెలిసింది. మూడోవారం నుంచి ఆయన ముందు, నేను వెనక!

శివరాత్రికే వెళ్లాల్సింది. ఆయనకు జ్వరం తగిలి ఉగాదికి మారింది. దోర్నాలలో కుడివైపు తిరిగితే శ్రీశైలం. మేం తిన్నగా ఆత్మకూరు వెళ్లి, తెల్లారేసరికి వెంకటాపురం చేరాం. అక్కడి నుంచి నడక... నలభై కిలోమీటర్లకు పైనే.

నాగలూటి దాకా పెద్ద కష్టం లేదు. ఆకులు రాల్చిన చెట్లు, మధ్యమధ్య ఎర్రగా మోదుగుపూలు. అక్కడ వీరభద్రుడి గుడి దగ్గర కాసేపు కూర్చుంటే అసలు సంగతి ఎదురుగా కనిపిస్తుంది. మెట్లు! కొండ మీదికి వంకర్లు తిరుగుతూ రాతిమెట్లు. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. చదవడం తేలిక, ఎక్కడం వేరు.

దారి మాత్రం మనది కాదేమో అనిపిస్తుంది. ఎటు చూసినా కన్నడమే! రాయచూరు, బాగల్‌కోట, విజయపుర... ఇళ్ల దగ్గర్నుంచే నడిచొస్తున్నవాళ్లు. ఆ లెక్కన మా నలభై కిలోమీటర్లు వాళ్లకు చివరి మజిలీ. కొందరైతే కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని నడుస్తున్నారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచట. ఉగాదికి పుట్టింటి చీర, పసుపు కుంకుమ తీసుకెళ్తారు. మరి మల్లయ్య? అల్లుడు! దారికాపలా కాస్తున్న ఓ చెంచు కుర్రాడితో ఆ మాటంటే నవ్వేశాడు. 'మాకూ అల్లుడే సార్' అన్నాడు. చెంచుపిల్లను పెళ్లాడిన చెంచు మల్లయ్య కథ వాళ్లది. ఇద్దరు మామల మధ్య ఆయన ఎలా నెగ్గుకొస్తున్నాడో!

రాత్రి పెచ్చెరువులో పడక. అన్నదానం పందిట్లో వేడివేడి అన్నం, సాంబారు. ఆకలి సంగతేమోగానీ అంత రుచైన సాంబారు నేనెప్పుడూ తినలేదు. పందిరి దాటి నాలుగడుగులు వేస్తే మనసు చివుక్కుమంటుంది. పొదల్లో నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. అందుకే శివరాత్రికీ ఉగాదికీ తప్ప ఈ దారి తెరవరు. జర్మనీ రెండు దేశాలుగా ఉన్న రోజుల్లో సరిహద్దు అడ్డొచ్చి రెన్‌స్టైగ్ దారీ తెగిపోయింది, చివరికంటా నడవాలంటే 1990 దాకా ఆగాల్సి వచ్చింది. మన దారి ఏడాదిలో ఎక్కువ రోజులు పులులది. కొన్నాళ్లు మనకు వదిలితే మనం చేస్తున్నది ఇదీ. ఆ కాస్త అనుమతీ పోతే తప్పు పులిది కాదు.

రెండోరోజు భీముని కొలను. ద్రౌపదికి దాహమేస్తే భీముడు గదతో కొట్టి నీళ్లు రప్పించిన చోటంటారు. లోతైన లోయ. నిట్టనిలువునా దిగాలి, అవతల మళ్లీ అంతకంత ఎక్కాలి. దిగేటప్పుడే బాబాయి మోకాలు పట్టేసింది. అడుగున బండ మీద కూలబడ్డాడు. నడినెత్తిన ఎండ. వెనక్కి వెళ్దామంటే పొద్దుటి నుంచీ నడిచిన దారి, ముందుకు వెళ్దామంటే గోడలా కొండ. ఫోను మూగబోయి చాలాసేపైంది. 'డోలీ దొరుకుతుందేమో కనుక్కొస్తాను' అన్నాను. 'మొక్కు నడకదిరా' అన్నాడు, మొహం తిప్పుకుని.

నాకు ఏం చేయాలో తోచలేదు. గట్టిగా చెబితే వినడు, వదిలేస్తే ఏమవుతుందోనన్న భయం.

నెత్తిన మూటతో, చెప్పుల్లేకుండా దిగొచ్చింది ఓ ముసలమ్మ. డెబ్భై ఏళ్లకు తక్కువుండవు. బాబాయిని చూసి ఆగింది. చేతికర్ర ఆయన ఒళ్లో పెట్టి, 'నిధాన... నిధాన' అంది. మాకు అర్థమైన ఒకే ఒక్క కన్నడ మాట, అదీ మన మాటే కాబట్టి! కర్ర వెనక్కివ్వబోతే తీసుకోలేదు. వాళ్ల మనవడి భుజం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

బాబాయి లేచాడు. పది మెట్లు, ఓ నిమిషం ఆగడం. మళ్లీ పది మెట్లు. కైలాసద్వారం చేరేసరికి పొద్దు వాలింది. పైకొచ్చాక ఆ ముసలమ్మ కోసం చాలాసేపు వెతికాం. కనిపించలేదు. అక్కడి నుంచి హటకేశ్వరం, ఆపైన గుడి. ఆ కాస్త దూరం ఎలా నడిచామో ఇద్దరికీ గుర్తులేదు.

మర్నాడు పాతాళగంగ దగ్గర స్నానం చేసి, చొక్కా జేబులోంచి ఏదో తీశాడు బాబాయి. గులకరాయి! బయల్దేరేముందు బెజవాడలో దుర్గాఘాట్ దగ్గర ఏరుకున్నాడట.

'వాడొక్కడేనా చేసేది?' అని నీళ్లలోకి విసిరాడు. 'కృష్ణను ఎదురెక్కించానురా. ఇక సాగర్, పులిచింతల, బ్యారేజీ దాటుకుని హంసలదీవికి ఎప్పుడొస్తుందో!'

కర్ర ఇప్పుడు మా ఇంట్లో నానమ్మ ఫొటో పక్కన ఉంది.

వెళ్లాలనుకుంటే...

దారి తెరిచే తేదీలు ముందుగా అటవీశాఖ, దేవస్థానం ప్రకటనల్లో చూసుకోవాలి. మిగతా రోజుల్లో అడవిలోకి వెళ్లడం నేరం. విజయవాడ నుంచి దోర్నాల మీదుగా ఆత్మకూరు, అక్కడి నుంచి వెంకటాపురం చేరాలి. నెల ముందు నుంచే మెట్లెక్కడం అలవాటు చేసుకోండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవాళ్లు డాక్టరును అడగనిదే బయల్దేరొద్దు. స్టీలు నీళ్లసీసా, టార్చిలైటు, ఉప్పు-పంచదార పొట్లం తప్పనిసరి. గుంపును వదిలి ఒంటరిగా నడవొద్దు. చేతికర్ర మర్చిపోవద్దు. వీలైతే రెండు తీసుకెళ్లండి.