వెనిస్ సందుల్లో బ్లూ డాట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

వెనిస్ పాత నగరంలో కార్లు, బైకులు తిరగవు. 400కు పైగా వంతెనలు, లెక్కలేనన్ని సందులు. పడవ ఎక్కకపోతే నడకే దిక్కు. ఒంటరిగా వెళ్తే రాత్రిపూట దారి చెప్పేది ఫోనే. చిక్కు కూడా అక్కడే.

రియాల్టో వంతెన దాటి సందుల్లోకి వెళ్లానో లేదో, మ్యాప్‌లో నా బ్లూ డాట్ కాలువ అవతలికి గెంతింది. ఫోన్‌లో లోపమేం లేదు. సందు ఇరుకైతే ఆకాశం సన్నటి గీతలా కనిపిస్తుంది, నేరుగా అందే శాటిలైట్లు తగ్గిపోతాయి. మిగతా సిగ్నల్స్ గోడలకు తగిలి ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని ఫోన్ దూరం కింద లెక్కేస్తుంది. దీన్నే మల్టీపాత్ అంటారు. వెడల్పాటి రోడ్డు మీద పది మీటర్ల తేడా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆ పది మీటర్ల మధ్యలో కాలువ ఉంటుంది, వంతెనేమో ఇంకెక్కడో!

ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా అందుకునే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లు కాస్త నయం. గోడకు తగిలొచ్చిన సిగ్నల్‌ని ఎల్5 బాగా విడదీస్తుంది. 2018లో షావోమీ మి 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది. అయినా ఆకాశమే కనపడకపోతే ఏ చిప్ మాత్రం ఏం చేస్తుంది?

ఇంకో తిరకాసు అడ్రస్‌లు. ఇంటి నంబర్లు వీధి వారీగా ఉండవు, మొత్తం పేట వారీగా వేలల్లో నడుస్తాయి. అలాంటి పేటలు ఆరు. అందుకే హోటల్‌ని ముందే పిన్ చేసి, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.

సందుల్లో మాత్రం ఫోన్ జేబులో పెట్టి, గోడల మీద 'పెర్ రియాల్టో', 'పెర్ సాన్ మార్కో' అని ఉండే పసుపు బోర్డుల్నే ఫాలో అయ్యా. 'క్యాంపో' అనే ఖాళీ కూడలి రాగానే ఆగి, డాట్ కుదురుకున్నాక మ్యాప్ చూసుకున్నా. బ్యాటరీ కూడా మిగిలింది.