పాడు తప్పిన ఆట

నెల్లూరు సీమ సముద్రతీరం వెంట దక్షిణంగా సాగిపోతే, ఆంధ్ర తమిళ దేశాల పొలిమేరను కలుపుతూ పులికాట్ సరస్సు కనిపిస్తుంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన సూళ్ళూరుపేట ప్రాంతం ఆ సరస్సుకు ఆనుకొన్నదే. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకొన్న ఆ ఉప్పునీటిలో రొయ్యలు సమృద్ధిగా పడే తావులు కొద్ది. ఆ తావులను నమ్ముకొన్న కుటుంబాలు అనేకం. ఈ చిక్కు తీర్చుకోవడానికి సరస్సు దక్షిణపు ఒడ్డు పల్లెల జాలరులు తరాల క్రితమే ఒక కట్టుబాటు ఏర్పరచుకొన్నారు. దాని పేరు ‘పాడు’. చీట్లు వేసి, ఏ తావున ఎవరు ఎప్పుడు వల వేయాలో వంతులు నిర్ణయించడమే పాడు. మంచి తావు ఎవరికీ శాశ్వతం కాదు. చెడ్డ తావు ఎవరికీ శాపం కాదు. కలిగినవాడు కలిమి చూపి పక్కవాని వంతును కాజేయరాదన్నదే అందులోని ధర్మం. తెలుగులో పాడు అన్న మాటకు చెడిపోవడమన్న అర్థం కూడా ఉన్నది. ఆ కట్టుబాటు తప్పితే మిగిలేది ఈ రెండవ అర్థమే.

ఈ జాలరుల ధర్మాన్నే వేరొక పేరుతో, వేరొక రంగంలో, ఆధునిక ప్రపంచం పాటించడానికి ప్రయత్నిస్తున్నది. ఆ రంగం వృత్తి క్రీడ. ధనిక సంఘం మేటి ఆటగాళ్ళనందరినీ కొనివేస్తే పోటీ పేరుకే మిగులుతుంది. ఫలితం ముందే తెలిసిన ఆటను చూడవచ్చేవారు ఉండరు. అందువల్ల ఒక్కొక్క జట్టు తన ఆటగాళ్ళ జీతాలకు ఇంత మొత్తానికి మించి వెచ్చించరాదని హద్దు గీస్తారు. దీనిని వేతన పరిమితి అనవచ్చు. దీనితోపాటు కొన్ని దేశాలలో మరొక నియమం కూడా ఉన్నది. ఏడాది పోటీలు ముగిసేసరికి పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టును కింది శ్రేణికి దింపి, కింది శ్రేణిలో నెగ్గిన జట్టును పైకి తెస్తారు. బడిలో పరీక్ష తప్పిన పిల్లవాడు ఆ తరగతిలోనే ఉండిపోతాడు. ఇక్కడ తప్పినవాడు ఒక తరగతి కిందికి దిగవలసి వస్తుంది. దిగితే ప్రేక్షకులు తగ్గుతారు, రాబడి పడిపోతుంది, మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు.

ఈ రెండు నియమాలూ న్యాయమైనవే. కాని ఒకే చోట ఉన్నప్పుడు అవి పరస్పరం ఒరుసుకొంటాయి. హద్దు దాటవద్దని ఒకటి చెపుతుంది. పడిపోతే గతి ఏమని మరొకటి భయపెడుతుంది. ఆ ఒరిపిడి స్పష్టంగా కనిపించిన చోటు ఇంగ్లండులోని రగ్బీ లీగ్.

జట్టుకు పదముగ్గురు ఆడే ఈ ఆటలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బంతి పట్టుకొని దూసుకొచ్చేవానిని ఎదుటివారు ఒడిసిపట్టి నేలకు దించుతారు. ఒక జట్టు ఆరు మార్లు పట్టుబడితే బంతి ఎదుటివారి వశమవుతుంది. కూతకు వచ్చినవానిని పట్టి కూలవేసే మన చెడుగుడు ఎరిగినవారికి ఈ ఆట మరీ పరాయిదిగా తోచదు. దీని పుట్టుకే జీతం తగవుతో జరిగింది. ఉత్తర ఇంగ్లండు గనులలోనూ మిల్లులలోనూ పనిచేసే కూలీలు ఆటకు వెళ్ళిన పూట కూలి పోగొట్టుకొనేవారు. ఆ నష్టాన్ని సంఘాలు భర్తీ చేయరాదని రగ్బీ పెద్దలు పట్టుబట్టారు. దానికి ఒప్పుకొనని సంఘాల ప్రతినిధులు 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటలులో సమావేశమై వేరు కుంపటి పెట్టుకొన్నారు. శ్రమకు తగిన వేతనం కోసం పుట్టిన ఆట, నూరేళ్ళు దాటేసరికి వేతనానికి హద్దు గీయక తప్పని స్థితికి వచ్చింది.

2006లో విగాన్ కథ చూడండి. రగ్బీ లీగ్‌లో అంతటి కీర్తి గడించిన సంఘాలు కొద్ది. అటువంటి సంఘం ఆ ఏడు సగం పోటీలు గడిచేసరికి పట్టిక అడుగున పడి ఉన్నది. అంతకు ముందటి ఏడు వేతన పరిమితి దాటినందుకు రెండు పాయింట్ల కోత కూడా నెత్తిన పడింది. కింది శ్రేణి కళ్ళ ముందు కదలాడుతున్న ఆ ఘడియలో విగాన్ స్టువర్ట్ ఫీల్డెన్ అనే ఆటగాణ్ణి బ్రాడ్‌ఫర్డ్ నుంచి నాలుగున్నర లక్షల పౌండ్లకు కొన్నది. ఆనాటికి ఆ ఆటలో అంత ధర ఎవరికీ పలికి ఉండలేదు. గండం గడిచింది, జట్టు పై శ్రేణిలోనే నిలిచింది. తరువాత లెక్కలు తీస్తే 2006లోనూ పరిమితి దాటిందని తేలి, 2007లో నాలుగు పాయింట్లు కోసివేశారు. అయినప్పటికీ ఆ ఏడు విగాన్ తుది పోరుకు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్ళింది. ప్రాణం ఈ ఏడు దక్కుతుంది, శిక్ష మరుసటి ఏడు పడుతుంది అన్నప్పుడు మునిగేవాడు దేనిని ఎంచుకొంటాడో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడు కిందికి దిగినది ఎవరు? బొగ్గు గనుల ఊరైన కాసిల్‌ఫర్డ్ జట్టు. నిజానికి అది పదకొండవ స్థానంలో ఉన్నది. పన్నెండవ స్థానంలో ఉన్నది దక్షిణ ఫ్రాన్సు నుంచి కొత్తగా వచ్చిన కాటలన్స్ జట్టు. కొత్తవారు నిలదొక్కుకోవాలని వారికి కొన్నేళ్ళు మినహాయింపు ఇచ్చినందున, చివరివాని శిక్ష ఆ పైవానికి పడింది. నియమం ఒకటే అయినా దాని బరువు అందరి మీదా ఒకే తీరున పడదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

దశాబ్దం గడిచాక ఇదే కథ మరింత తీవ్రంగా పునరావృతమైంది. 2016లో సాల్ఫర్డ్ జట్టుకు, గతంలో వేతన పరిమితి ఉల్లంఘించినందుకు, ఆరు పాయింట్లు కోసివేశారు. ఆ కోతతో జట్టు అడుగుకు జారి, పై శ్రేణిలో చోటు కోసం అక్టోబరు 1న హల్ కింగ్‌స్టన్ రోవర్స్ జట్టుతో వారి సొంత మైదానంలోనే తలపడవలసి వచ్చింది. ఓడితే పోయే రాబడిని తలచుకొని జనం ఆ పోటీకి ‘పది లక్షల పౌండ్ల ఆట’ అని పేరు పెట్టుకొన్నారు. నిర్ణీత సమయంలో సమమై, అదనపు సమయంలో ఒకే ఒక్క పాయింటు తేడాతో 19–18గా సాల్ఫర్డ్ గట్టెక్కింది. హద్దు దాటి దండన అనుభవించిన జట్టు పైన నిలిచింది. రోవర్స్ సొంత జనం కళ్ళెదుటే కిందికి దిగింది.

ఇక్కడితో ఆగితే లోకంలో న్యాయం లేదనిపిస్తుంది. కాని కాలం ఆ పుటను అక్కడ మూయలేదు. దిగిన రోవర్స్ ఒక్క ఏడాదిలోనే తిరిగి పైకి వచ్చింది. 2025లో ఛాలెంజ్ కప్పును, లీగు పట్టికలో ప్రథమ స్థానాన్ని, తుది పోరును మూడింటినీ ఒకే ఏడు గెలుచుకొన్నది. అదే 2025లో సాల్ఫర్డ్ జీతాలు సకాలంలో చెల్లించలేని దుస్థితిలో పడింది. ఖర్చుపై లీగు ఆంక్ష విధించగా, తొలి పోటీలో కుర్రవాళ్ళను దింపి సెయింట్ హెలెన్స్ చేతిలో 82–0 తేడాతో ఓడి, పట్టికలో చివరన మిగిలింది. పడినవాడు లేచాడు, పడకుండా తప్పించుకొన్నవాడు కూలాడు. ఒక జట్టు ఉత్థాన పతనాలకు కారణాలు అనేకం ఉంటాయి కాబట్టి దీనిని కేవలం పాపఫలమని తేల్చడం తొందరపాటు. కాని పడిపోవడమే మరణమన్న భయం ఎంత వట్టిదో ఈ రెండు జట్లూ చాటుతున్నాయి.

అయితే భయమొక్కటే హద్దు దాటిస్తుందా? కిందికి దింపే నియమమే లేకుంటే అందరూ హద్దులో ఉంటారా? ఆస్ట్రేలియా అనుభవం అందుకు కాదనే జవాబు చెపుతుంది. అక్కడి లీగులో స్థానభ్రంశం లేదు. అయినా మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు రెండు రకాల లెక్కలు వ్రాసి ఆటగాళ్ళకు చాటుమాటుగా అదనపు సొమ్ము ముట్టజెప్పిందని 2010 ఏప్రిల్‌లో బయటపడింది. 2007, 2009లలో గెలిచిన విజేత పదవులను రద్దు చేసి, అయిదు లక్షల డాలర్ల జరిమానా వేసి, ఆ ఏడు ఎన్ని ఆటలు గెలిచినా ఒక్క పాయింటు కూడా ఇవ్వబోమని శాసించారు. ఆటగాళ్ళు మిగిలిన పోటీలన్నీ ఫలితం లేకుండానే ఆడారు. విగాన్‌ను భయం నడిపితే మెల్‌బోర్న్‌ను ఆశ నడిపింది. భయమూ ఆశా ఒకే గడప దాటించే రెండు కాళ్ళు.

ఇక తెలుగునాటి సంగతి. వేతన పరిమితి మనకు కొత్త కాదు. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో తొలి ఏడు నుంచీ తెలుగు టైటాన్స్ జట్టు ఉన్నది. వేలంలో ఒక్కొక్క జట్టు ఇంత సొమ్మే వెచ్చించాలని అక్కడ కూడా హద్దు ఉన్నది. కాని ఎవరినీ కిందికి దింపే నియమం లేదు. 2023 వేలంలో ఆ హద్దు అయిదు కోట్ల రూపాయలు. అందులో పవన్ సెహ్రావత్ అనే ఒక్క ఆటగాని కోసం టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా వెచ్చించింది. హద్దు దాటలేదు, నియమం తప్పలేదు. అయినా సగానికి మించిన సంచి ఒక్కని భుజాన పెట్టిన ఆ జట్టు ఆ పోటీలలో 22 ఆటలకు రెండే గెలిచి పన్నెండు జట్లలో పన్నెండవదిగా నిలిచింది. అంతకు ముందు రెండు పోటీలలోనూ దాని స్థానం అదే. వేతన పరిమితి సంచులను సమానం చేయగలదు కాని, ఆ సంచిని వాడుకొనే వివేకాన్ని సమానం చేయలేదు.

ఇంగ్లండు రగ్బీ లీగ్‌లో కిందికి దింపే నియమం అమలులో ఉన్న రోజులలో అయితే వరుసగా మూడుసార్లు చివరన నిలిచే అవకాశం సాధారణంగా ఉండేది కాదు. మొదటి ఏడే కిందికి పంపివేసేవారు. ఇక్కడ జట్టు నిలిచింది, నేర్చుకొన్నది, 2024లో ఏడవ స్థానానికి ఎదిగి, 2025లో చివరి మూడు జట్లలో ఒకటిగా మిగిలే దాకా వచ్చింది. ఓర్పుకు ఫలితం ఉన్నదనడానికి ఇదొక సాక్ష్యం. దింపే నియమం లేని లీగుకు అనుకూలంగా చెప్పదగిన వాదం ఇదే.

ఎదుటి వాదానికి సాక్ష్యం హైదరాబాదు క్రికెట్టు. 1937–38లోనూ 1986–87లోనూ రంజీ కప్పు గెలిచిన హైదరాబాదు జట్టు 2022–23లో ఏడు ఆటలకు ఒక్క పాయింటు మాత్రమే సంపాదించి ప్లేట్ శ్రేణికి దిగింది. అవమానమే అయినా, అది మరుసటి ఏడే కింది శ్రేణిలో గెలిచి తిరిగి పైకి వచ్చింది. ఆ ఏడు తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్‌పై 147 బంతులలోనే మూడు వందల పరుగులు పూర్తి చేశాడు. రంజీ పోటీలలో ఆటగాళ్ళ పారితోషికం బోర్డు నిర్ణయించినదే. ఏ జట్టువాడైనా అనుభవాన్ని బట్టి ఒకే రేటు. డబ్బు కుమ్మరించి గండం గడుపుకొనే దారి అక్కడ ఇరుకు. కాబట్టి పడినవాడు ఆటతోనే లేవవలసి వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలే విషయం ఒకటి. పడటం దోషం కాదు. పడకుండా ఉండటానికి లెక్క దాచడం దోషం. పడినవానికి లేచే మెట్టు ఉన్నంతకాలం భయం మనిషిని చెరపదు. ఆ మెట్టు లేదనిపించిన నాడే రెండవ లెక్కల పుస్తకం తెరుచుకొంటుంది. పరీక్షల గదిలో చీటీలు దాచే విద్యార్థిని ఎరిగిన ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు.

చివరకు మళ్ళీ పాడు దగ్గరికే రావాలి. ఆ కట్టుబాటులో ఒక లోపం కూడా ఉన్నది. వంతు దొరికేది కొన్ని కులాల కుటుంబాలకే. ఆ గీతకు వెలుపలివారికి చీటీలో పేరే ఉండదు. సరస్సు మీద వచ్చిన తగవులు చాలావరకు అందువల్లనే వచ్చాయి. లోపలివారి మధ్య ఎంత సమానత్వం ఉన్నా, తలుపు మూసి ఉంటే అది సగం న్యాయమే. వేలం లీగుల సంగతీ ఇంతే. మైపాడు ఇసుక మీద చెడుగుడు ఆడే కుర్రవాడు ఒంటరిగా ఎంపికై ఏనాటికైనా పెద్ద లీగుకు చేరుకోవచ్చు. కాని నెల్లూరులోనో కావలిలోనో పది మంది కలిసి కట్టుకొన్న జట్టు, ఎన్ని పోటీలు నెగ్గినా, ఆ లీగు గడప తొక్కలేదు. దిగే మెట్టు తీసివేసిన చోట ఎక్కే మెట్టు కూడా పోయింది.

సంచులకు హద్దు ఉండాలి. లెక్కలు అందరి ఎదుటా విప్పాలి. దిగినవానికీ కొత్తవానికీ మెట్టు ఒకటి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆటకు మిగిలేది పాడు అన్న మాటకు ఉన్న రెండవ అర్థమే.