గాయమును మాన్పు కణములు

హృదయము క్షణమైనను విశ్రమింపక శరీరమునకంతటికిని రక్తమును పంపుచుండును. ఆ హృదయమునకు సైతము రక్తము కావలెను. దానిని కొనిపోవు నాళములకు హృదయ ధమనులని పేరు. వీని గోడలలో కొవ్వు చేరి గట్టిపడినచో దారి ఇరుకై హృదయ కండరమునకు రక్తము చాలదు. రొమ్ము నొప్పి కలుగును. దారి పూర్తిగా మూసికొనిపోయినచో ప్రాణమునకే ముప్పు.

మందులు చాలనప్పుడు పూర్వము రొమ్ము కోసి శస్త్రచికిత్స చేయవలసి వచ్చెడిది. 1977 సెప్టెంబరు 16వ తేదీన స్విట్జర్లాండు దేశమునందలి జ్యూరిచ్ నగరములో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు వేరొక మార్గము చూపెను. 38 ఏండ్ల రోగి మెలకువగా నుండగనే, ఒక సన్నని గొట్టమును తొడయందలి ధమని గుండ హృదయ ధమని వరకు పంపి, దాని కొనయందలి చిన్న బుడగను ఉబ్బించి ఇరుకు చోటును వెడల్పు చేసెను.

ఈ చికిత్స దేశదేశముల వ్యాపించెను. కాని ఒక చిక్కు బయటపడెను. చికిత్స పొందిన వారిలో నూటికి సుమారు 30 నుండి 40 మందికి, ఆరు మాసములలోపల అదే చోట ధమని మరల ఇరుకగుచుండెను. కొవ్వు అంత త్వరగా పేరుకొనదు. మరి కారణమేమి?

బుడగ ఉబ్బినపుడు ధమని లోపొర చిట్లును. అదియు గాయమే. తెగిన వ్రేలు మానునట్లే ధమనియు మానుటకు యత్నించును. మొదట రక్తఫలకికలు అచట అంటుకొని, కణముల పెరుగుదలను ప్రేరేపించు పదార్థములను విడుచును. గోడ నడిమి పొరయందు నునుపు కండర కణములు కలవు. సామాన్యముగా అవి విభజన చెందక నెమ్మదిగా నుండును. ఈ ప్రేరణచే అవి లోపొరకు ప్రాకి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి, తమ చుట్టును నారవంటి పదార్థమును పేర్చును. గాయము మానును, కాని దళసరియైన ఆ క్రొత్త పొరయే రక్తమునకు అడ్డమగును. ఇదిగాక, సాగిన గోడ తిరిగి ముడుచుకొనుటయు కలదు.

1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశముల వైద్యులు స్టెంట్ అను లోహపు జాలగొట్టమును ధమనిలో నిలిపిరి. గోడ ముడుచుకొనుట ఆగెను. కాని కణములు జాలకన్నుల గుండ లోనికి పెరిగెను. వానిని నిలుపు మందు ఊహింపని చోట దొరకెను. పసిఫిక్ మహాసముద్రమునందలి ఈస్టరు దీవి మట్టిని 1964లో కెనడా దేశపు బృందమొకటి సేకరించెను. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుండి, అవిభక్త భారతమున జన్మించిన సురేన్ సెహగల్ అను శాస్త్రజ్ఞుడును అతని తోడివారును రాపమైసిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది కణ విభజనను అరికట్టును. 1999లో బ్రెజిల్ దేశపు సావో పాలో నగరములో ఆ మందు పూసిన స్టెంట్‌లను తొలిసారి రోగులకు అమర్చిరి. ధమని మరల ఇరుకగుట చాల తగ్గెను.

అయినను జాగ్రత్త వలయును. ఈ మందు, లోహమును కప్పవలసిన మేలైన లోపొర పెరుగుదలను సైతము ఆలస్యము చేయును. అంతవరకు లోహముపై రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. కావున రోగి తనకు బాగుగనే యున్నదని తలచి, రక్తము గడ్డకట్టకుండ వైద్యుడిచ్చిన మాత్రలను గడువునకు ముందే తనంతట మానరాదు.

గాయమును మాన్పు శక్తియే లేనిచో శరీరము నిలువదు. ఆ శక్తిని చంపక, మితిమీరనీయక, అదుపులో నుంచుటయే వైద్యుని నేర్పు.