బట్ట నీటిలో కరగదేల?



నేను బడిపంతులుగా నున్న కాలమున, దూదియు చక్కెరకు చుట్టమే యని యొకనాడు పాఠము చెప్పుచుండగా, నేతవారి పిల్లవాడొకడు లేచి, "అట్లయిన మా నాయన పంచె రేవులో కరగిపోదేమి, పంతులుగారూ?" అని యడిగెను. సమాధానము తోచక వానిని కోపపడి కూర్చుండబెట్టితిని. ఆ ప్రశ్నకు జవాబు ఎక్సుకిరణముల వలన ఏనాడో లభించియున్నదని పిమ్మట చదివి తెలిసికొంటిని.

రాత్రివేళ పలుచని ఉత్తరీయమును కంటికడ్డముగా పట్టుకొని దూరపు దీపమును చూడుడు. దీపమొక్కటియే యైనను దాని చుట్టును వెలుగుచుక్కలు వరుసలు తీరి కనబడును. అది పడుగుపేకల వరుస చేసిన పని. నేత సన్ననైనకొలది చుక్కలు ఎడమెడముగా పడును. కావున చుక్కల యెడమును కొలిచి పోగుల యెడమును చెప్పవచ్చును. అణువుల వరుసలు మన వెలుతురునకందనంత సన్ననివి. వానికి 1895లో రాంట్గెను కనుగొన్న ఎక్సుకిరణములే తగినవి. 1912లో జర్మనీలో లావే పండితుని యూహ ననుసరించి స్ఫటికముల గుండ ఇట్టి చుక్కలను రాబట్టిరి. మరుసటి యేడే జపానులో నిషికావా, ఓనో అనువారు నారలను పరీక్షించిరి.

నారలోని గుట్టు క్రమముగా తెలిసినది. గ్లూకోజను చక్కెర యణువులు వేలకొలది కూడి తిన్నని గొలుసులైనవి. ఒకటి వెల్లకిల, వేరొకటి బోరగిల నుండుటచే రెండేసి యణువుల కొకసారి వరుస మరల మొదలగును. ఆ రెంటి నిడివి అంగుళములో సుమారు 2½ కోట్లవ వంతు! ఈ గొలుసులు కట్టెలమోపువలె బిగిసియుండును. గంజిలోనిదియు గ్లూకోజే. కాని యచట గొలుసు మెలివడి యుండుటచే వేడినీరు లోన దూరును. పడుగునకు గంజి పెట్టు నేతగాడు గ్లూకోజునకు గ్లూకోజునే పూయుచున్నాడన్నమాట.

ఇక రేవు సంగతి. తడిసిన నారను పరీక్షింపగా చుక్కలు తమ చోటు వదలలేదు. అనగా నీరు మోపుల నడుమ చేరినదే గాని మోపులోనికి పోలేదు. ఇదియే యా పిల్లవానికి నేను చెప్పవలసియుండిన జవాబు.

గాఢమైన కాస్టిక్ సోడా మాత్రము మోపులోనికి జొరబడి గొలుసుల పొందికను మార్చును. పిమ్మట ఎంత కడిగి యారబెట్టినను చుక్కలు మునుపటి చోట పడవు. మీరు బజారులో కొను మెర్సిరైజు నూలు ఇట్టిదే. 1844లో మెర్సరను ఆంగ్లేయుడు, ఎక్సుకిరణముల పేరైనను పుట్టకమునుపే, దీనిని కనిపెట్టెను.