నీరు తిరిగినంత మాత్రాన చెరువు శుభ్రపడదు

ధవళేశ్వరం వద్ద 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుండి గోదావరి డెల్టా రైతుకు పంట కాలువ నీటిని పారించుకోవడం, మిగిలిన నీటిని మురుగు కాలువకు వదలడం అలవాటు. వరికి సరిపోయిన ఈ పద్ధతి రొయ్యల చెరువుకు సరిపోదు. 2009లో వెనామి రొయ్య సాగుకు దేశంలో అనుమతి లభించాక భీమవరం, ఉండి పరిసరాలలో ఈ సాగు విస్తరించింది. ఒకరు వదిలిన నీటినే మరొకరు తోడుకోవలసి రావడం నేటి ప్రధాన సమస్య.

మేతలోని నత్రజని

35 శాతం మాంసకృత్తులు గల మేతలో నత్రజని 5.6 శాతం ఉంటుంది. టన్ను రొయ్యల దిగుబడికి టన్నున్నర మేత వాడితే చెరువులో చేరే నత్రజని 84 కిలోలు. పట్టుబడితో బయటకు వచ్చేది సుమారు 30 కిలోలు మాత్రమే. మిగిలిన 54 కిలోలు రెండున్నర బస్తాల యూరియాలోని నత్రజనికి సమానం. కొంత గాలిలో కలిసినా, అధికభాగం నీటిలోను, అడుగు బురదలోను నిలుస్తుంది. కావున చెక్ ట్రేలను గమనించి మేత తగ్గించడమే మొదటి చికిత్స.

ఏరేటర్ల అమరిక

ఏరేటర్లు ప్రాణవాయువును అందిస్తాయి, నీటిని తిప్పుతాయి. నత్రజనిని మాత్రం తొలగించలేవు. 400 నుండి 500 కిలోల రొయ్యలకు ఒక హార్స్ పవర్ చొప్పున, అన్నీ ఒకే దిశలో నీటిని నెట్టేలా అమర్చాలి. అప్పుడు వ్యర్థాలు చెరువు మధ్యకు చేరుతాయి. అక్కడి నుండి తోడివేయవచ్చు. ఎదురెదురుగా అమర్చితే బురద చెల్లాచెదురవుతుంది. తెల్లవారుజామున లీటరు నీటిలో ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు.

అమ్మోనియా నియంత్రణ

30 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఉదజని సూచిక 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 7 శాతం. సూచిక 9కి చేరితే 40 శాతం దాటుతుంది. సూచిక మధ్యాహ్నానంతరం పెరుగుతుంది కనుక ఆ వేళ పరీక్ష తప్పనిసరి. కిలో అమ్మోనియా నత్రజనిని సూక్ష్మజీవులు గ్రహించడానికి దాదాపు 20 కిలోల పిండిపదార్థం అవసరం. బెల్లం మడ్డి చల్లితే ప్రాణవాయువు వాడకం కూడా పెరుగుతుంది. విద్యుత్తుకు భరోసా లేని రోజున చల్లరాదు.

పట్టుబడి నాటి నీరు

చెరువు ఖాళీ చేసేటప్పుడు చివరగా వచ్చే నీటిలోనే బురద అధికం. దానిని నేరుగా మురుగు కాలువకు వదలక, నిల్వ గుంటలో తేర్చిన తరువాతే వదలాలి. వేసవిలో పంట కాలువలు కట్టివేసినప్పుడు మంచినీరు కలిపే అవకాశం ఉండదు. కొల్లేరు నీరు సముద్రం చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే మార్గం. పొరుగువాని చెరువుకు తెగులు సోకితే అదే నీరు తిరిగి మన తూముకే వస్తుంది. నిల్వ గుంటకు విడిచిన నేల వృథా కాదు. అది రాబోయే పంటకు రక్షణ.